సీసం చేప

కోడలు పొయ్యి మీద ఇసుక కుమ్మరించేసింది.

గచ్చు అతుకులకని తెచ్చి గుమ్మం పక్కన పోసిన ఇసుక అది. తట్ట నిండా ఎత్తి, ఒక్క విసురున మంటలోకి బోర్లించింది. నిప్పులు బుస్సుమన్నాయి. పొయ్యి మీది మూకుడులో అద్దంలా మెరుస్తున్న సీసం చూస్తుండగానే మసకబారి, పైన బూడిదరంగు తొరక కట్టింది.

అత్తగారి చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. ఎదురుగా వల గుండ్ల అచ్చులు వరుసగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

“మతి పోయిందా నీకు?”

“ఇన్నాళ్ళూ పోయింది. ఇప్పుడే వచ్చింది.”

“కాగుతున్న సీసం దగ్గర ఆ విసుర్లేంటి? కాస్త చిందితే?”

“నీళ్ళే పోద్దామనుకున్నాను అత్తా. సీసం పేలి పిల్ల మీద పడుతుందని ఇసుక పోశాను.”

పిల్ల అత్తగారి పీట పక్కనే నేల మీద కూర్చుని ఉంది. అమ్మ వచ్చిందని తలెత్తలేదు. నిప్పుల చప్పుడికి ఉలిక్కిపడలేదు. నోట్లో ఏదో చప్పరిస్తోంది.

కోడలు వంగి, పిల్ల దవడ నొక్కి, వేలు పెట్టి దాన్ని బయటికి లాగింది.

సీసం చేప. బొటనవేలంత ఉంటుంది. తోక దగ్గర చిన్న చిన్న పంటిగాట్లు.

“దీన్ని నేను పైఅరలో డబ్బా వెనక దాచి వెళ్ళాను.”

“దాస్తే? ఏడ్చింది, ఇచ్చాను. ఏడ్చే పిల్లని చూస్తూ కూర్చోవడానికి నేనేమన్నా బండరాయినా?”

“పొద్దున పిల్ల రక్తపరీక్ష కాగితం కోసం వెళ్తూ నీకేం చెప్పాను?”

“చెప్పావులే. పొయ్యి ముట్టించొద్దు, పిల్లని ఒళ్ళో పెట్టుకోవద్దు, చేప ఇవ్వొద్దు. ఊపిరి తీసుకోవచ్చో లేదో చెప్పడం ఒక్కటీ మర్చిపోయావు.”

కిటికీ దగ్గర వల అల్లుతున్న నిదానం కిసుక్కున నవ్వాడు. నవ్వి, వదిన మొహం చూసి, తల దించుకున్నాడు.

నిదానం అన్నది అతని అసలు పేరు కాదు. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అత్తగారి చిన్నకొడుకు. గడ్డం గీసుకోవడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయినా, రేవులో పిల్లలు అతను కనబడితే చాలు, “నిదానం బాబాయ్, టైమెంతయింది?” అని ఎగబడతారు. అతను రేవు గోడ మీది గడియారం వంక చూసి చూసి, చివరికి తనూ వాళ్ళతో కలిసి నవ్వేస్తాడు. చిన్నప్పుడు జ్వరం తలకెక్కింది, అందుకే ఇలా అయ్యాడని అత్తగారు అందరికీ చెప్తుంది. కానీ అతను వేసిన ముడి జారిందని ఏ పడవవాడూ ఇంతవరకూ అనలేదు.

“పిచ్చుక నాలాగే అయింది కదా వదినా,” అన్నాడు నిదానం, ముడి బిగిస్తూ. “ఇప్పుడు మేమిద్దరం జట్టు. తను మాట్లాడదు. నాకు తొందర్లేదు. ఎంతసేపైనా కూర్చుంటాం.”

సంతోషంగానే అన్నాడు.

పిల్లకి పిచ్చుక అని పేరు పెట్టింది కూడా అతనే. నడక రాకముందే మాటలు వచ్చాయి దానికి. లేచింది మొదలు కిచకిచమంటూనే ఉండేది. కనబడిన ప్రతిదాన్నీ పేరుపెట్టి పిలిచేది. బాబాయిని ‘దానం’ అనేది. ఆ సగం పేరుకి నిదానం ఎంత దూరంలో ఉన్నా పలికేవాడు.

తర్వాత ఒక్కొక్కటీ పోయాయి. ముందు కొత్తగా నేర్చినవి. ఆ తర్వాత పాతవి. అమ్మ అన్న మాట కూడా ఇప్పుడు ఆకలేస్తే తప్ప రావడం లేదు. ఆకలి కూడా పెద్దగా వేయడం లేదు. కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతుంది. మొహం పాలిపోయి, గోడకి వేసిన సున్నంలా ఉంటుంది.

“ఏమందే ఆ డాక్టరమ్మ?” అంది అత్తగారు. గొంతు కొంచెం తగ్గింది.

కోడలు చేపని కొంగు చివర గట్టిగా ముడేసింది.

“నీ కొడుకు రానీ. రెండుసార్లు చెప్పే ఓపిక నాకు లేదు.”

*

పెద్దకొడుకు రేవు నుంచి వచ్చేసరికి ఎండ వాకిట్లో సగం దాకా దిగింది. భుజం మీది తాళ్ళచుట్ట దించుతూనే వాసన పట్టాడు. మండుతున్న పొయ్యి వాసన వేరు, ఆర్పేసిన పొయ్యి వాసన వేరు.

“ఏంటిది?”

“నీ పెళ్ళాన్ని అడుగు,” అంది తల్లి.

“నీ కూతుర్ని అడుగు,” అంది భార్య. “అడుగు. ఏమన్నా చెప్తుందేమో చూద్దాం.”

అతను ఇద్దరి మధ్యా ఇరుక్కున్నవాడిలా అటూ ఇటూ చూశాడు. తర్వాత పిల్ల ముందు గొంతుక్కూర్చుని, జేబులోంచి బిస్కెట్ తీశాడు.

“పిచ్చుకా! నాన్న ఏం తెచ్చాడో చెప్పు? చెప్తే ఇస్తా.”

పిల్ల బిస్కెట్ వైపు చూసింది. నాన్న నోటివైపు చూసింది. చెయ్యి చాపలేదు.

“చెప్పు తల్లీ. బి...”

అందరూ ఎదురుచూశారు. పిల్ల నాన్న చొక్కా గుండీ పట్టుకుని, దాన్ని నోట్లో పెట్టుకోబోయింది.

అతను అడిగింది చాలనుకుని బిస్కెట్ దాని చేతిలో పెట్టేశాడు. అది తినలేదు. పట్టుకుని కూర్చుంది.

“రక్తంలో సీసం ఉందట,” అంది కోడలు.

పెద్దకొడుకు పిల్ల ముందు నుంచి లేచాడు.

“ఎంత ఉందని అడిగాను. ఎక్కువే ఉందమ్మా అంది. ఉండాల్సిన దానికంటే ఎంత ఎక్కువ అన్నాను. ఉండాల్సింది అంటూ ఏమీ లేదు, అసలు ఉండకూడదు అంది. పిల్లల ఒంటికి సీసం ఏదో, ఎముకలకి కావాల్సిన సున్నం ఏదో తేడా తెలీదట. బలమనుకుని పట్టేసుకుంటుందట. అక్కణ్ణుంచి మెదడుకి వెళ్తుందట.”

“మందిచ్చిందా?”

“ముందు పిల్లని సీసం లేనిచోటికి తీసుకెళ్ళు, ఆ తర్వాత మందు అంది. చిల్లుపడిన పడవలోంచి నీళ్ళు తోడుతూ కూర్చుంటే ఏం లాభం అని... కాదు, అది నేనన్నాను. ఆవిడ నవ్వింది. ‘నీకు బాగానే అర్థమైందమ్మా’ అంది.”

“మన ఒక్క పిల్లకేనా ఇలా?” అన్నాడు పెద్దకొడుకు. అతనికి ఎందుకో ఆ మాటే వచ్చింది.

“నేనూ అదే అడిగాను. లోకమంతా ఉన్నారంది. ఒకచోట గోడల రంగు పెచ్చులు నోట్లో పెట్టుకునే పిల్లలు. ఒకచోట పాత బ్యాటరీలు కరిగించే చోట ఆడుకునేవాళ్ళు. ఇంకోచోట వంట చేసుకునే గిన్నె పూతలోంచే దిగుతుందట. ‘మీ ఇంట్లో ఎక్కణ్ణుంచి వస్తోందో మీరే చూసుకోవాలి’ అంది. చూసుకోవడానికేముంది? ఇంట్లో అడుగుపెట్టగానే కళ్ళబడింది. నాన్నమ్మ పక్కనే పొయ్యి ముందు కూర్చుని, చేప చప్పరిస్తోంది.”

అత్తగారు గరిటని పీట మీద ఠక్కున పెట్టింది.

“అంటే నా మనవరాలికి నేనే విషం పెట్టానన్నమాట.”

“ఆ మాట నేననలేదు.”

“అనక్కర్లేదు. ఇసుక పోశావుగా, అది చాలు.”

“అమ్మా, నువ్వాగు,” అన్నాడు పెద్దకొడుకు. “ఏదో ఒక దారి చూద్దాం. రేపట్నించి పొయ్యి వాకిట్లో పెడదాం. ఇంట్లో వద్దు. సరేనా?”

“వాకిట్లో పెడితే బూడిద లోపలికి రాదా?” అంది కోడలు. “నీ చొక్కా లోపలికి రాదా? మీ అమ్మ చేతులు రావా? ఈ గచ్చు చూడు. ఎన్నేళ్ళ బూడిద ఉందో దీని పగుళ్ళలో. రోజూ ఊడుస్తున్నానని మురిసిపోయాను. ఊడ్చి ఊడ్చి గాల్లోకి లేపాను. పిల్ల పాకింది ఈ గచ్చు మీద. ఆ చేతులు నోట్లో పెట్టుకుంది.”

“అయితే ఏమంటావు?”

“అక్క దగ్గరికి వెళ్తున్నాను. ఈ పూటే.”

కోడలి అక్క ఊరవతల దర్జీ. ఒకటే గది. పగలు ఆ గదిలో మిషను, రాత్రి అదే గదిలో పడకలు. ఆ సంగతి అందరికీ తెలుసు.

“ఆ ఇరుకులోనా?”

“ఇరుకులో సీసం లేదు.”

“ఎన్నాళ్ళు?”

“ఈ ఇంట్లో ఇది ఆగేదాకా.”

“ఇది ఆగితే తినేదేంటి? మా నాన్న నేర్పిన పని ఇదొక్కటే. రేవు మొత్తం మీద గుండ్లు పోసి కట్టిచ్చేది మనమొక్కళ్ళమే. వేట మొదలవబోతోంది. పడవవాళ్ళందరికీ మాటిచ్చి ఉన్నాను. వల నీళ్ళలో దిగకుండా పైన తేలితే నన్ను నిలబెట్టి అడుగుతారు.”

“చేపలొచ్చి దాని మీద పడుకుంటాయని చెప్పు,” అన్నాడు నిదానం.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

“ఇనప గుండ్లు లేవా? రాళ్ళు లేవా?” అంది కోడలు. “రాయి కట్టిన వల నీళ్ళలో దిగదా?”

“రాయి వలని కోసేస్తుంది. ఇనుము తుప్పు పడుతుంది. అన్నీ తెలిసినట్టు మాట్లాడకు.” అతనికి కోపం అప్పుడు వచ్చింది. భయం వేసినప్పుడు అతనికి వచ్చేది కోపమే. “ఇవాళ మా అమ్మ చేతులు పనికిరాకుండా పోయాయా? నువ్వు కొరకలేదా గుండ్లు? కడుపుతో ఉండి, పందెం వేసుకుని మరీ కొరికావు కదా! అప్పుడు ఏ డాక్టరమ్మ చెప్పింది నీకు?”

కోడలి మొహం తెల్లబోయింది.

ఆ ఇంటి పని అలాంటిది. చీల్చి ఉంచిన సీసపు గుండులో తాడు దూర్చి, ముందు పళ్ళ మధ్య పెట్టి ఒక్క నొక్కు నొక్కితే గుండు తాడుని కరుచుకుంటుంది. మిగతాచోట్ల పట్టకారు వాడతారు. అత్తగారు దాన్ని చూసి నవ్వేది. “నోట్లో ఇంత మంచి పట్టకారు ఉండగా మళ్ళీ కొనుక్కోవడం ఎందుకే?” అనేది. కొత్తగా కాపురానికొచ్చిన కోడలికి అత్తగారంత వేగంగా కొరకడం రాలేదు. రేవులో ఆడవాళ్ళు వెక్కిరించారు. పంతం పట్టి నేర్చుకుంది. పిచ్చుక కడుపులో ఉన్న నెలల్లోనే ఒకరోజు అత్తగారికంటే ముందు వల పూర్తి చేసింది. ఆ రోజు అత్తగారు తన పీట ఆమెకిచ్చి, తను నేల మీద కూర్చుంది. ఆ ఇంట్లో అంతకంటే పెద్ద మర్యాద లేదు.

పొద్దున డాక్టరమ్మ కూడా అడిగింది. “కడుపుతో ఉన్నప్పుడు ఏం పని చేసేదానివి?”

“ఇంటిపని,” అని చెప్పి వచ్చింది.

ఇప్పుడు మొగుడి మొహంలోకి చూస్తూ నిలబడింది.

“కొరికాను,” అంది. “నువ్వు అక్కడే నిలబడి చప్పట్లు కొట్టావు.”

అతను తల తిప్పుకున్నాడు.

*

కోడలు గది లోపలికి వెళ్ళి పిల్ల బట్టలు తీసింది. ఒక్కొక్కటీ దులిపి చూసింది. దులిపితే ఎక్కడికి పోతుందని మళ్ళీ మానేసింది. మానేసి, అన్నీ ఒక సంచిలో కుక్కి, సంచి అక్కడే వదిలేసి బయటికొచ్చింది.

“బట్టలు కూడా వద్దు. అక్క ఏవో కుట్టిస్తుంది.”

“ఇంక నయం, మమ్మల్ని కడగమనలేదు,” అంది అత్తగారు.

“అత్తా, నీతో దెబ్బలాడే ఓపిక లేదు.”

“నాకుంది. నేనింకా మొదలే పెట్టలేదు.” ఆమె పీట జరుపుకుని కూర్చుంది. ఆమె ముందు పళ్ళు నవ్వుతున్నా, తిడుతున్నా ఒకేలా నల్లగా కనబడతాయి. చిగుళ్ళ అంచున పెన్సిలుతో గీసినట్టు ఒక గీత. “ఈ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లలు లేరా? ఇదిగో, నీ ఎదురుగా నిలబడ్డాడే నీ మొగుడు, వీణ్ణి ఎవరు పెంచారు? దర్జీ మిషను మీద పెంచానా? ఈ సీసం మధ్యే పెరిగాడు. మాటలు రాలేదా వీడికి? నిన్ను చూడ్డానికొచ్చిన రోజు మీ నాన్నని నోరెత్తనిచ్చాడా?”

“అమ్మా...”

“ఉండరా. ఏం తెలుసు నీ పెళ్ళానికి? నువ్వు పుట్టినప్పుడు ఈ పొయ్యి ఇంట్లో ఎక్కడుంది? రేవులో ఉండేది, గాలివాటాన. మీ నాన్నే కరిగించేవాడు. నన్ను దగ్గరికే రానిచ్చేవాడు కాదు. ఆయన నీళ్ళలో పోయాక, ఆడదాన్ని రేవులో ఒక్కదాన్నీ కూర్చోలేక, పొయ్యిని ఇంట్లోకి తెచ్చుకున్నాను. తలుపులు వేసుకుని పోసేదాన్ని, సీసం చల్లారిపోకుండా. చిన్నవాడు అప్పటికి ఇంకా పాలపిల్లాడు. ఈ దూలానికే ఉయ్యాల కట్టి, ఒక కాలితో ఉయ్యాల ఊపుతూ, చేత్తో గరిట తిప్పుతూ, ఏడిస్తే చేప నోట్లో పెట్టి...”

ఆగిపోయింది.

ఆగింది ఎందుకో మొదట ఎవరికీ తెలియలేదు. దగ్గు వచ్చిందేమో అనుకున్నాడు పెద్దకొడుకు. మంచినీళ్ళు తేబోయాడు.

అత్తగారు దూలం వంక చూస్తోంది. ఉయ్యాల తాడు ఒరుసుకున్న చోట కొయ్య ఇప్పటికీ నున్నగా ఉంది. దాని కిందే పొయ్యి. పొయ్యిలో ఇసుక.

“నన్ను బాగా ఊపేదానివా అమ్మా?” అన్నాడు నిదానం.

ఆమె చూపు ఇసుక మీదికి దిగింది.

కోడలు అత్తగారిని చూసింది. చాలా మాటలు నోటిదాకా వచ్చాయి. పొద్దుట్నుంచి కూడబెట్టుకున్నవన్నీ. ఒక్కటీ బయటికి రాలేదు. ఈ ముసలామెని ఓడించాలని ఇంటికి వచ్చింది. ఇలా కాదు.

“అత్తా, ఆ చేప అచ్చు ఇచ్చెయ్యి,” అంది నెమ్మదిగా. “రేవు లోతులో పారేసి వెళ్తాను.”

“అది మాత్రం అడక్కే.” గొంతులో పొగరు లేదు. “అది మీ మామయ్య చేశాడు. చిన్నవాడు పుట్టబోతున్నాడని, సొంతంగా కూర్చుని చెక్కాడు. పొలుసులు కూడా గీశాడు చూడు. మొదటి చేప పోసి వీడి ఉయ్యాలకి కట్టాడు. అదే ఆయన ఈ ఇంట్లో చేసిన ఆఖరి పని. ఆ తర్వాత రేవుకెళ్ళాడు, రాలేదు. మనవరాలు పుడితే దానికీ ఒకటి పోశాను. తాత ముద్దు పెట్టినట్టుంటుందని.”

పిచ్చుక అమ్మ కొంగు లాగుతోంది. కొంగు ముడి దాని చేతికి దొరికింది. ముడిలో చేప ఉందని కనిపెట్టింది. ముడితో పాటే నోట్లో పెట్టుకోబోతే, కోడలు లాక్కుంది.

అప్పుడు ఏడ్చింది పిల్ల. మాటలు పోయాయి కానీ ఏడుపు పోలేదు. అది చేప కోసం రెండు చేతులూ చాపి, నాన్న వైపు, బాబాయి వైపు, చివరికి నాన్నమ్మ వైపు తిరిగి ఏడ్చింది. అడగడానికి మాట లేక ఒక్కొక్కరికీ చేతులు చూపించింది.

అత్తగారి చెయ్యి తనంతట తనే ముందుకొచ్చింది. పిల్లని ఎత్తుకోవడానికి. మధ్యలో ఆ చేతిని చూసుకుంది. వేళ్ళ సందుల్లో, గోళ్ళలో బూడిద. చేతిని వెనక్కి తీసుకుని చీర కింద దాచుకుంది.

*

పెద్దకొడుకు బయటికెళ్ళి ఆటో పిలుచుకొచ్చాడు. అతను చేసిన నిర్ణయం అదొక్కటే.

“వారం చూస్తాను,” అన్నాడు గుమ్మంలో. “ఇచ్చిన మాట కానిచ్చి...”

“నీ ఇష్టం. కానీ ఈ ఇంట్లో వేసుకున్న బట్టలతో అక్కడికి రాకు. వస్తే వాకిట్లోంచే చూసి వెళ్ళు.”

“నా పిల్లని నేను వాకిట్లోంచి చూడాలా?”

“నేను దాన్ని కడుపులో ఉండగానే చూసుకోలేదు,” అంది కోడలు. “నువ్వు వాకిట్లోంచి చూస్తే ఏమైంది?”

పిల్లని చంకనెత్తుకుంది. పిల్ల ఏడ్చి ఏడ్చి, వెక్కుతూ, తల అమ్మ భుజం మీద వాల్చింది. చేతిలో బిస్కెట్ అలాగే ఉంది, మెత్తబడిపోయి.

“వదినా.”

నిదానం లేచి నిలబడ్డాడు. వల అతని ఒళ్ళోంచి జారి నేల మీద కుప్పగా పడింది. ఏ మాటైనా అతని లోపలికి వెళ్ళడానికి చాలాసేపు పడుతుంది. వెళ్ళిన మాట మాత్రం పోదు. డాక్టరమ్మ మాటలు, అమ్మ మాటలు అన్నీ ఇంతసేపూ లోపలికి వెళ్తూనే ఉన్నాయి.

“ఏంటి నాయనా?”

అతను మెడలోని తాడు తల మీదుగా తీశాడు. తాడుకి చేప. అదే అచ్చు, కానీ పొలుసులన్నీ అరిగిపోయి, మొహం లేకుండా, గులకరాయిలా నున్నగా ఉంది. చిన్నప్పటి నుంచీ అది అతని మెడలోనే ఉంది. ఏదైనా ఆలోచించాల్సి వస్తే ఇప్పటికీ దాన్ని నోట్లో పెట్టుకుంటాడు. అందరూ చూస్తూనే ఉన్నారు. ఇన్నేళ్ళూ ఎవరికీ అది కనబడలేదు.

“దీన్ని కూడా పట్టుకెళ్ళు. డాక్టరమ్మకి చూపించు. పిచ్చుక చేపా, నా చేపా ఒకటేనా అని అడుగు.”

కోడలు చెయ్యి చాపింది.

“నాకు కూడా రక్తం తీసి చూస్తారా వదినా?”

“చూస్తారు.”

“పిచ్చుకకి తగ్గితే నాకూ తగ్గుతుందా? అప్పుడు నాకు టైము చూడ్డం వస్తుందా?”

కోడలు పెదవులు బిగబట్టి మొగుడి వైపు చూసింది. అతను గోడకి ఆనుకుని, తమ్ముణ్ణి మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నాడు. ఇద్దరిలో ఒకడికి మాటలొచ్చాయని ఇందాక అమ్మ చెప్పుకున్న గర్వం, అతని మొహం మీద ఎక్కడా లేదు.

“వద్దు.”

అన్నది అత్తగారు.

పీట మీంచి లేచింది. ఎప్పుడూ మోకాళ్ళు పట్టుకుని లేచే మనిషి, ఒక్క ఉదుటున లేచి వచ్చి, కోడలికి అందబోతున్న చేపని దారిలోనే లాక్కుంది. గుప్పిట మూసేసింది.

“పిల్లకి చేయించు. ఏ మందు కావాలంటే ఆ మందు వేయించు. నేను అడ్డురాను. పొయ్యి కూడా ముట్టించను. వీడికి మాత్రం వద్దు. వీడికి ఏ పరీక్షా వద్దు.”

పొద్దుట్నుంచి సీసం వల్ల కాదు, కాదు అని పోట్లాడిన మనిషి ఆమె. ఆ ఒక్క మాటతో తను ఏం ఒప్పుకుందో ఆ గదిలో నిదానానికి తప్ప అందరికీ తెలిసిపోయింది.

“ఎందుకమ్మా వద్దు?”

గుప్పిట బిగిసింది.

“నాకు జ్వరమే కదా వచ్చింది? జ్వరమే అని తేలుతుంది. అంతే కదా?”

ఆమె నోరు తెరిచింది. నల్లటి పళ్ళు కనబడ్డాయి.

బయట ఆటోవాడు హారన్ కొట్టాడు. పిచ్చుక తలెత్తి, నాన్నమ్మ గుప్పిట వంక చూసింది. అందులో ఏముందో దానికి తెలుసు.

నిదానం కాసేపు అమ్మ మాట కోసం చూశాడు. తర్వాత గుమ్మం దగ్గరికి వెళ్ళి, మెట్టు మీద కూర్చుని, చెప్పులు దగ్గరికి లాక్కున్నాడు. చెప్పు పట్టీని ఏ రంధ్రంలోంచి దూర్చాలో అతనికి ఎప్పుడూ వెంటనే గుర్తు రాదు. పెట్టి, తీసి, మళ్ళీ పెడతాడు. ఆ పని దగ్గర అన్న విసుక్కోని రోజు లేదు, అమ్మ వంగి తనే పెట్టెయ్యని రోజు లేదు.

ఆటోవాడు మళ్ళీ హారన్ కొట్టాడు.

నిదానం తల వంచుకుని పట్టీతో తంటాలు పడుతున్నాడు. అన్న విసుక్కోలేదు. అమ్మ వంగలేదు. గుమ్మంలో పిల్లని మోస్తూ వదిన నిలబడే ఉంది.

ఆ రోజు అతన్ని ఎవరూ తొందరపెట్టలేదు.